మోటారు కారుకు ముక్కు

బాలలూ! మనం పీల్చే గాలిలోని దుమ్మును ముక్కులోని వెంట్రుకలు, తడి కలిసి ఆపుతాయి. మోటారు కారుకు కూడ ఇటువంటి ముక్కు ఒకటి ఉన్నది. దాని పేరు ఎయిర్ ఫిల్టరు.

కారుకు గాలి ఎందుకని అడుగుతారేమో! గాలి లేనిదే పెట్రోలు మండదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లెక్క వేసి చూడండి. లీటరు పెట్రోలు బరువు సుమారు ముప్పాతిక కిలో. దానికి 11 కిలోల గాలి, అనగా దాదాపు 9 వేల లీటర్లు కావాలి! ఒక మనిషి రోజంతా పీల్చే గాలి కూడ ఇంచుమించు ఇంతే.

మా హయత్‌నగర్ మీదుగా విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఉన్నది. లారీలు పోతూంటే దుమ్ము లేస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల గుండ్లన్నీ గ్రానైటువే. ఆ రాయి అరిగి మట్టి అయినా, అందులోని పలుగురాయి రేణువులు మిగులుతాయి. పలుగురాయి ఇనుముకన్న గట్టిది. అది ఇంజనులోకి పోతే, పిస్టను ఆడినప్పుడల్లా సిలిండరు గోడలను ఆకురాయి వలె అరగదీస్తుంది.

అందుకే గాలి దారిలో ఒక కాగితపు తెరను పెడతారు. దానికి విసనకర్ర వంటి మడతలుంటాయి. ఎందుకో తెలుసునా? ఒక పాత వార్తాపత్రికను సన్నగా మడతలు పెట్టి చూడండి. పెద్ద కాగితం చిన్న పెట్టెలో ఇమిడిపోతుంది. కాగితం ఎంత పెద్దదైతే గాలి అంత సులువుగా పోతుంది, దుమ్ము అంత ఎక్కువగా ఆగుతుంది.

టాక్సీ నడిపే నా పాత శిష్యుడొకడు, “సార్, ఫిల్టరు తీసేస్తే బండి ఇంకా జోరుగా పోతదంట, నిజమేనా?” అని అడిగాడు.

“నాయనా, కొన్నాళ్ళు పోతుంది. తరువాత ఇంజను అరిగి, పొగ కక్కుతుంది. కొన్ని వందల రూపాయలకు చూచుకొని, నీకు అన్నం పెట్టే బండిని పోగొట్టుకుంటావా?” అన్నాను.

ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుందని చాలామంది అంటారు. పాత కార్బురేటరు బండ్లలో అది నిజమే. అయితే అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో కొత్త తరహా కార్లను పరీక్షించారు. పెట్రోలు ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, బండి వేగం అందుకోవడమే మందగించింది.

దీనిని కాపాడడం కష్టమేమీ కాదు. ఇంజను ఆపి, చల్లారిన తరువాత పెద్దలు పెట్టె మూత తీయాలి. ఫిల్టరును మెల్లగా తట్టి దుమ్ము రాల్చాలి. కాగితపు ఫిల్టరును నీటితో కడగరాదు. పెట్టెను పొడిగుడ్డతో తుడిచి, రబ్బరు అంచు సరిగా కూర్చున్నదో లేదో చూచి మూయాలి. అంచు పక్కన సందు ఉంటే దుమ్ము ఆ దారినే పోతుంది. కాగితం నల్లబడినా, చిరిగినా కొత్తది వేయాలి. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కారుతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. దుమ్ము దారుల్లో తిరిగే బండికి అంతకన్న ముందే మార్చాలి.

ఈసారి మీ ఇంట్లో ఫిల్టరు మార్చేటప్పుడు పాతదాన్ని ఒకసారి చూడండి. దానిలో చిక్కినది మన వీధి దుమ్మే. కారుకు కొత్త ముక్కు అంగడిలో దొరుకుతుంది, మన ఊపిరితిత్తులు దొరకవు. కాబట్టి దుమ్ము లేచే చోట నడిచేటప్పుడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోవడం మరువకండి.