ఐదో ఆసు

పన్నెండు పట్లు పట్టే స్లామ్ పాడేముందు ఆసులు లెక్కచూసుకోవాలి కదా! అందుకే 1933లో అమెరికాలో ఈస్లీ బ్లాక్‌వుడ్ గారు ఒక పద్ధతి కనిపెట్టారు. నాలుగు నో ట్రంప్ అంటే జోడీ తన ఆసులు చెప్పాలి: ఐదు కళావర్లంటే ఒక్కటీ లేదు లేదా నాలుగూ ఉన్నాయి, డైమన్లంటే ఒకటి, ఆఠీన్లంటే రెండు, ఇస్పేట్లంటే మూడు. చిక్కల్లా తురుపు రాజు సంగతి తేలకపోవడమే. దాన్నీ ఐదో ఆసుగా లెక్కించే 'కీ కార్డు' పద్ధతే మేలని నా అభిప్రాయం. తురుపు రాణి సంగతీ అందులో తెలుస్తుంది.

బెంగుళూరులో ముప్ఫయ్యేళ్లుగా నా జోడీ మా బావగారే. గుండె ఆపరేషనయ్యాక కొత్త జవాబులు ఆయనకు గుర్తుండటం లేదు. వేరే జోడీ చూసుకోమని కుర్రాళ్ల సలహా. ఆసులు మాత్రం ఆయన ఇప్పటికీ తడుముకోకుండా చెబుతారు. శనివారాలు పాత బ్లాక్‌వుడ్డే ఆడుతున్నాం. తురుపు రాజు ఎక్కడుందో నేనే ఊహించుకుంటున్నాను.