గుంపు కుదిరితే గురి కుదురుతుంది



సంచికకు ఏదైనా రాసి పంపమంటే చాలా ఆలోచించాము. కష్టపడి చదవండని చెప్పేవాళ్ళు ఎలాగూ ఉంటారు. అందుకే మేము ఒక తుపాకీ గురించి రాస్తున్నాము. కంగారు పడకండి, అది ఆటల పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్.

మేము ముగ్గురం ఇక్కడి నుంచే వెళ్ళి ఒకే యూనివర్సిటీలో పి.జి.లో చేరాము. ముగ్గురికీ ఇరవైమూడేళ్ళు. ముగ్గురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా చూసింది మాతోనే మొదలు. రాస్తున్నది ఒక్కరమే అయినా కథ ముగ్గురిదీ.

మేము చేరిన ఏడాదే క్రీడా విభాగానికి జర్మనీలో తయారైన కొత్త ఎయిర్ రైఫిల్ వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల పోటీలోనే. లక్ష్యం కాగితం మీద నల్లటి వృత్తం వెడల్పు 30.5 మిల్లీమీటర్లు. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పది మీటర్ల దూరం నుంచి అది కంటికి ఆనదు. వెనుక సైటులోని చిన్న రంధ్రంలోంచి చూస్తూ, ముందున్న రింగు మధ్యలో నల్ల వృత్తాన్ని నిలిపి కాల్చాలి.

మొదటిరోజే మా గుళ్ళన్నీ ఎడమవైపు కిందికి పడ్డాయి. ఒక గుండు కిందికి పడితే సైటు మరను తిప్పాము. తర్వాతది పక్కకు పోతే పక్క మర తిప్పాము. గంట గడిచేసరికి కాగితమంతా జల్లెడ అయ్యింది గానీ గురి కుదరలేదు. వెనుక నిలబడి చూస్తున్నవాళ్ళు, "హాస్టల్ వాళ్ళకి ఇవన్నీ ఎందుకులే" అన్నారు. నవ్వుతూనే అన్నారు, మాకు మాత్రం నవ్వు రాలేదు.

మాలో ఒకడు తాపీమేస్త్రీ కొడుకు. ఆ వారమే వాడు సెమినార్‌లో ఇంగ్లీషులో మాట్లాడలేక మధ్యలోనే కూర్చుండిపోయాడు. రైఫిల్ బల్ల మీద పెట్టి, "నేను రేపటి నుంచి రాను. చదువూ కుదరట్లేదు, ఇదీ కుదరట్లేదు" అన్నాడు. మేమిద్దరం ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాము.

మర్నాడు పి.డి. సారు వాణ్ణి గదికి కబురుపెట్టి పిలిపించారు. ముందు సైటును రైఫిల్‌కు బిగించే మరలు చూడమన్నారు. ఒకటి వదులుగా ఉంది. బిగించాము. తర్వాత రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, "సైటు ముట్టుకోవద్దు. ఎక్కడ పడినా సరే, ఒకే చోట గురిపెట్టి ఐదు కాల్చరా" అన్నారు.

వాడు ఐదూ కాల్చాడు. కాగితం తెచ్చి చూస్తే ఐదూ ఎడమవైపు కిందనే ఉన్నాయి. కానీ అన్నింటినీ ఒక రూపాయి బిళ్ళతో కప్పేయవచ్చు.

సారు బిళ్ళ తీసి జేబులో వేసుకుని, "నీ చెయ్యి బాగానే ఉంది. ఐదూ ఐదు చోట్ల పడితే తప్పు నీది. ఐదూ ఒకేచోట పడితే తప్పు సైటుది. సైటు తిప్పితే సరిపోతుంది" అన్నారు.

మర మీద అక్షరాలున్నాయి. హెచ్ అంటే హై, టి అంటే టాప్ కాబోలు, ఆర్ అంటే రైట్, ఎల్ అంటే లెఫ్ట్ అనుకున్నాము. గుళ్ళు పైకి రావాలని హెచ్ వైపు పది క్లిక్కులు తిప్పి మళ్ళీ ఐదు కాల్చాము. గుంపు ఒక వలయం మేర ఇంకా కిందికి దిగింది. కుడికి రావాలని ఆర్ వైపు తిప్పితే ఇంకా ఎడమకు పోయింది. కొత్త రైఫిల్ పాడైందేమోనని భయపడ్డాము.

అప్పుడు మేస్త్రీ కొడుకే, "గోడ వంకరొస్తే మా నాన్న ముందు దారం చూస్తాడురా, ఇటుకల్ని తిట్టడు" అని, పెట్టెలో పడివున్న చిన్న పుస్తకం తీశాడు. అందులో ఇంగ్లీషు పేజీలు ఉన్నాయి. ఇంగ్లీషు కదా అని అన్ని రోజులూ ముగ్గురమూ దాని జోలికి పోలేదు. ఆ రాత్రి స్టడీ అవర్‌లో నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా చదివాము.

అవి జర్మన్ మాటల మొదటి అక్షరాలు. హోఖ్ అంటే ఎత్తు, టీఫ్ అంటే కింద. గుండు ఎటు పోవాలో అవి చెప్పవు, ఎటు పడిందో చెబుతాయి. గుండు కింద పడితే టి వైపు, ఎడమకు పడితే ఎల్ వైపు తిప్పాలి. మర్నాడు అలాగే తిప్పాము. గుంపు నడిచివచ్చి నల్ల వృత్తం మధ్యలో కూర్చుంది. వాడు ఊరి నుంచి తెచ్చుకున్న తూకపు గుండును లక్ష్యం పక్కన దారంతో వేలాడదీసి, రైఫిల్ పక్కకు ఒరుగుతోందేమో కూడా చూశాడు. ఆ పద్ధతి సారుకు బాగా నచ్చింది.

2008 బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా కూడా, ఫైనల్‌కు ముందు పరీక్షగా కాల్చిన గుండు దూరం పోతే సైటు సరిచేసుకోవలసి వచ్చిందని ఆత్మకథలో చెప్పుకున్నారు. అంతటివారికే తప్పలేదు.

ఎంపికలో ముగ్గురికే చోటు. మావాడు నాలుగోవాడయ్యాడు. ఇలాంటివి కథల్లో అయితే మొదటివాడే అవుతాడు, ఇది కథ కాదు. కానీ వాడు రైఫిల్ వదల్లేదు. సెమినార్ మళ్ళీ ఇచ్చాడు. ఈసారి కాగితం చూసి చదివినా చివరిదాకా నిలబడ్డాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక పరీక్ష పోయిందని, ఒకరు నవ్వారని వెంటనే మిమ్మల్ని మీరు తిప్పేసుకోకండి. ముందు ఐదు గుళ్ళు ఒక్కచోట పడనివ్వండి. అంటే రోజూ ఒకే వేళకు కూర్చోండి, ఒకే శ్రద్ధతో చదవండి. మార్కులు దూరంగా పడుతున్నా గుంపు కుదిరితే, సరిచేయవలసింది కొంచెమే. అది ఎటు తిప్పాలో చెప్పే పుస్తకం మీ పెట్టెలోనే ఉండవచ్చు. ఇంగ్లీషులో ఉందని భయపడి మాలాగా మూసిపెట్టకండి.

మనల్ని దూరం నుంచి చూసేవాళ్ళకు గుండు ఎంత దూరం పడిందో ఒక్కటే కనిపిస్తుంది. గుంపును మనమే దగ్గరికి వెళ్ళి చూసుకోవాలి.