సింగపూర్ పువ్వు, గురజాల చేను

ఆదివారం సంచికకి దేశాల పువ్వుల మీద వ్యాసాలు పంచితే నా వంతుకి సింగపూర్ వచ్చింది. అక్కడికి పోయి రావడానికి పత్రిక డబ్బులివ్వదు గనక గురజాల బస్సెక్కాను. సింగపూర్ జాతీయ పుష్పం హైబ్రిడ్ ఆర్కిడ్, ఒక మనిషి రెండు రకాలు కలిపి పుట్టించింది. పువ్వుని పువ్వుతో చేత్తో కలపడం దగ్గర్నుంచి చూడాలంటే నాకు తెలిసిన చోటు మిత్రుడి సీడు పత్తి చేను, అంటే హైబ్రిడ్ విత్తనాల కోసం వేసింది. ఈ సాగు గద్వాల, నంద్యాల వైపు ఎక్కువ. మావాడు మొండివాడు, ఇక్కడే వేశాడు.

బోరు, డ్రిప్పు, పురుగుమందుల కొట్టం చూపిస్తానన్నాడు. నేను ఆడ మొక్కల వరుసల్లో పనిచేస్తున్న ఒక అక్క దగ్గరే ఆగిపోయాను. మధ్యాహ్నం దాటింది. రేపు విచ్చే మొగ్గ ఏదో ఆమెకి చూడగానే తెలుస్తుంది. బొటనవేలి గోరు మొగ్గ అడుగున దించి, చుట్టూ తిప్పి, రేకుల్నీ పుప్పొడి తిత్తుల్నీ ఒక్క ఒలుపులో లాగేస్తుంది. మధ్యలో సన్నటి కీలం నిలబడుతుంది. దానికి గోరు తగిలితే కాయ నిలవదు. ఒక్క తిత్తి మిగిలినా సొంత పుప్పొడితోనే గింజ కడుతుంది, అది హైబ్రిడ్ కాదు. గుర్తుకి ఎర్ర కాగితం తగిలించి పక్క మొగ్గకి పోతుంది. మర్నాడు పొద్దున్నే మగ వరుసల పూలు తెచ్చి ఆ కీలాలకి రాస్తారు. మొత్తానికి పేరు క్రాసింగ్. గోరు చివర చీలి పచ్చగా మారి ఉంది. "రాత్రి కూర కలిపితే చురుక్కుమంటది" అంది, తల ఎత్తకుండా.

ఫోన్లో ఊదా గులాబి ఆర్కిడ్ బొమ్మ చూపించాను.

"ఇదీ క్రాసింగేనా అన్నా?"

"అవునక్కా. ఒకామె తన తోటలో చేసింది. పువ్వుకి ఆమె పేరే పెట్టారు."

"చేసినామె పేరా!" అని నవ్వి మళ్లీ వంగింది.

ఆమె ఏగ్నెస్ జోకిమ్. సింగపూర్లో స్థిరపడ్డ ఆర్మేనియన్ కుటుంబం. మలయా వైపు పెరిగే హుకేరియానా అనే వాండా రకం ఆర్కిడ్‌నీ, మన ఈశాన్య అడవుల్లోనూ ఉండే టెరెస్ అనే వాండానీ కలిపింది. బొటానిక్ గార్డెన్స్ అధికారి హెన్రీ రిడ్లీ 1893లో దాన్ని లోకానికి చెప్పి వాండా మిస్ జోకిమ్ అన్నాడు. 1899లో పూల ప్రదర్శనలో బహుమతి వచ్చిన కొన్నాళ్లకే ఆమె పోయింది. 1981లో అది జాతీయ పుష్పమైంది. ఆ తర్వాతా పేచీ తెగలేదు: ఆమె కలపలేదు, ఏ తేనెటీగో కలిపితే తోటలో దొరికిందంతే అన్నవాళ్లున్నారు. ఆమే చేసిందని అక్కడి ప్రభుత్వ సంస్థలు ఒప్పుకున్నది 2016లో. ఆడమనిషి చేతికంటే ఈగ కాలుని నమ్మడం తేలిక కాబోలు. ఇప్పుడక్కడ విదేశీ అతిథుల పేర్లు కొత్త ఆర్కిడ్లకి పెడుతుంటారు, 2015లో మన ప్రధాని పేరూ పెట్టారు. ఆ అతిథులెవరూ మొగ్గ గిల్లినవాళ్లు కారు.

మన దగ్గర ఆపాటి పేచీ కూడా లేదు. ప్రపంచంలోనే మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి హెచ్-4ని 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ విడుదల చేశారు. దాన్ని పొలాలకి చేర్చింది ఈ గోళ్లే. వేళ్లు సన్నగా ఉంటాయనీ, మొక్క ఎత్తుకి సరిపోతారనీ ఆడపిల్లల్ని బడి మాన్పించి ఈ వరుసల్లో దింపిన చరిత్ర కూడా ఉంది. విత్తనాల సంచి మీద కంపెనీ పేరు, లాట్ నంబరు, మొలక శాతం, శుద్ధత శాతం ఉంటాయి. ఆ శుద్ధత ఎవరి పనితనమో రాయరు.

గట్టు మీద మిత్రుడు ఫోన్లో ఎవరితోనో గొడవపడుతున్నాడు. నిరుడు గింజలు జీఓటీలో ఫెయిలయ్యాయట. అంటే కంపెనీవాళ్లు కొన్ని గింజలు వేసి మొక్కలు చూస్తారు, తేడా మొక్కలు ఎక్కువైతే ధర కోస్తారు. "ఫెయిలైతే నా పేరు రాస్తారు, పాసైతే మీ పేరు రాసుకుంటారు!" అని అరిచాడు. న్యాయమే. కానీ ఆ మాట అనాల్సిన వరసలో అతని కంటే ముందు ఇంకొకరున్నారని అతనికీ తోచలేదు.

2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పుష్పంగా మల్లెని ప్రకటించింది. మల్లె మీద నాకేం కోపం లేదు. ఇక్కడ పల్నాడులో ఎకరాలకెకరాలు పూసేది పత్తి పువ్వు. దాన్ని ఎవరూ తలలో పెట్టుకోరు, అందుకని పువ్వుల లెక్కలోనే లేదు.

వచ్చేముందు ఆ అక్క పేరు అడిగి, వ్యాసంలో రాయనా అన్నాను.

"వద్దులే అన్నా, నిరుటి కూలి ఇంకా రావాలి."