వేలిదా... తెరదా తప్పు?

రాజమండ్రిలో ఆ పెద్దావిడ ఫోను చేయిజారి తెర పగిలింది. బజారులో కొత్తది వేయించారు. తళతళలాడిపోతోంది. కానీ మర్నాటి నుంచే తంటా మొదలైంది. దుబాయ్‌లో ఉన్న కూతురు చేస్తే ఫోను మోగుతుంది. పచ్చ గుర్తుని ఎంత పైకి జరిపినా కదలదు!

‘‘ఎన్నిసార్లు చూపించాలమ్మా?’’ అని కొడుకు విసుక్కున్నాడు, ఆఫీసుకెళ్లే హడావుడిలో.

‘‘గరిటె తిప్పీ తిప్పీ వేళ్లు మొద్దుబారాయేమోరా’’ అందావిడ. ఆ రోజు నుంచీ ఫోను ఫ్రిజ్ మీదికెక్కింది. మోగినా ఆవిడ అటు వెళ్లడం మానేసింది.

సెలవులకొచ్చిన మనవడు అది గమనించాడు. పైన అంటించిన స్క్రీన్‌గార్డ్ పీకేశాడు, తెర తుడిచాడు, ఛార్జర్ తీసేసి ఫోను ఆపి మళ్లీ ఆన్ చేశాడు. లాభం లేదు. అప్పుడు బొమ్మలు గీసే యాప్ తెరిచి, పైనుంచి కిందికి వేలితో గీతలు గీశాడు. అడుగున ఒకచోట, వేలెడు వెడల్పున, గీతలన్నీ తెగిపోయాయి. ఫోను అడ్డంగా తిప్పి గీశాడు. మళ్లీ అద్దంలో అక్కడే! యాప్‌లో లోపమైతే ఆ ఖాళీ బొమ్మతోపాటు తిరగాలి. తిరగలేదు.

‘‘అమ్మమ్మా, నా వేలికీ పలకట్లేదు చూడు!’’

అద్దం కింద కంటికి కనపడని సన్నని గీతల వల ఉంటుంది. వేలు తాకిన చోట అందులోని విద్యుదావేశం మారుతుంది, ఫోను దాన్ని పసిగడుతుంది. ఆ గీతల్లో కొన్ని తెగితే అంతమేరా స్పర్శ అందదు. బొమ్మ చూపించే పొర వేరు కాబట్టి, పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది.

‘‘అమ్మగారికి అలవాటు లేదేమో బాబూ’’ అన్నాడు దుకాణం అతను. మనవడు మాట్లాడకుండా గీత గీసి చూపించాడు. అతను ఫోను విప్పి కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించాడు. అప్పటికీ అంతే. ఇక వేరే తెర తీయక తప్పలేదు. ఈసారి అతికించకముందే కేబుల్ మాత్రం తగిలించి, మూలమూలా గీయించి చూశాక గానీ మనవడు గమ్ము పెట్టనివ్వలేదు. మొదటిసారే అలా చూసుంటే ఇంత తిప్పలుండేది కాదు.

రాత్రి ఫోను మోగింది. ఆవిడ వేలు ఒక్క క్షణం తటపటాయించి, పచ్చ గుర్తుని పైకి జరిపింది.

‘‘అమ్మా! ఇన్నాళ్లూ తీయలేదేం?’’

‘‘నా వేళ్లు బాగానే ఉన్నాయే... ఆ తెరదే తప్పు!’’

పక్కగదిలో కొడుకు టీవీ శబ్దం తగ్గించాడు.