వాత మచ్చ



మొన్న ఒక ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి వస్తుండగా నా పాత శిష్యుడొకడు దారిలో కలిశాడు. ఉద్యోగం మీద భార్యాబిడ్డలతో నార్వే దేశం వెళ్తున్నాడట. "మాస్టారూ, అక్కడ పిల్లాణ్ణి గట్టిగా కసిరినా జైల్లో పెట్టేస్తారంట, నిజమేనా?" అని అడిగాడు. 2023లో వచ్చిన హిందీ సినిమా చూసి అతని భార్య బెంగ పెట్టుకుందట.

ఆ సినిమాకు ఆధారమైన కథ వేరు. స్టావంగర్ పట్టణంలో ఉన్న బెంగాలీ దంపతుల పిల్లలిద్దరినీ 2011లో అక్కడి శిశు సంక్షేమ శాఖవారు తీసుకుపోయి, 2012 ఏప్రిల్‌లో బాబాయికి అప్పగించారు. అందులో ఎవరికీ జైలుశిక్ష పడలేదు. జైలుశిక్ష పడింది మన తెలుగు దంపతులకు. అది ఆస్లో నగరంలో, అదే సంవత్సరం డిసెంబరులో.

ఆ రోజులు నాకు బాగా జ్ఞాపకం. క్రిస్మస్ దగ్గరపడింది. మా బావ లక్కబొమ్మల పని చేసేవాడు. అంకుడు కర్రను లేతు మిషనుకు బిగించి, తిరుగుతున్న కర్రకు లక్క అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకొంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. సాయంత్రమైతే ఆ పాకలోనే మా సభ. బావ, నేను, యలమంచిలి కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయిన ఒక పెద్దాయన. ఆ రోజు పేపరులో ఈ వార్త.

ఏడేండ్ల పిల్లవాడు బడి బస్సులో నిక్కరు తడుపుకొన్నాడు. మళ్ళీ అలా చేస్తే ఇండియా పంపేస్తానని తండ్రి బెదిరించాడు, అంతకు మించి ఏమీ లేదని కుటుంబంవారి మాట. కాదు, ఒంటిమీద కాల్చిన మచ్చలున్నాయి, బెల్టుతో కొట్టారు అని ప్రాసిక్యూషన్ మాట. తల్లిదండ్రులు నేరం ఒప్పుకోలేదు. కోర్టు మాత్రం తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు శిక్ష వేసింది.

నేను మండిపడ్డాను. "ఇదేమి న్యాయం! బిడ్డను క్రమశిక్షణలో పెట్టడం నేరమా? మన పద్ధతులు తెలియని దేశంవాళ్ళు మన తల్లిదండ్రులకు తీర్పు చెప్పడమేమిటి? ఇద్దరినీ లోపల వేస్తే ఆ పిల్లల గతేమిటి? చిన్నవాడికి ఇంకా రెండేండ్లు" అన్నాను. బావ తల ఊపాడు. సామెతల గ్రంథంలో బెత్తమును గూర్చిన మాటను బడిలో ముప్పై ఏండ్లు వాడుకొన్నవాణ్ణి నేను. బడిలో పిల్లలను కొట్టరాదన్న విద్యా హక్కు చట్టం 2010లో అమలుకు వచ్చేనాటికి నేను రిటైరై రెండేండ్లయింది. బతికిపోయాను.

గుమాస్తాగారు నెమ్మదిగా, "మాస్టారూ, అక్కడ 1987 నుంచే ఇంట్లో కూడా పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదు. కింది కోర్టులో జడ్జీతోపాటు మామూలు పౌరులు కూడా కూర్చుని తీర్పు చెబుతారు. ఆ దేశంలో ఉన్నవాడికి ఆ దేశపు చట్టమే కదా" అన్నారు. "అలాగైతే మన చట్టమే నయం" అన్నాను. ఆయన నవ్వారు. "మన శిక్షాస్మృతి 324వ సెక్షను చూశారా? నిప్పుతోగాని, కాలిన వస్తువుతోగాని గాయం చేస్తే మూడేండ్ల వరకు జైలు. 1860 నాటి మాట. అమ్మానాన్నా అయితే ఫరవాలేదని అందులో ఎక్కడా రాయలేదు. నా సర్వీసులో మాత్రం వాత పెట్టిన తల్లి మీద ఒక్క కేసూ రాలేదు."

(2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన న్యాయ సంహితలోనూ ఆ మూడేండ్ల మాట అలాగే ఉంది.)

నాకు వెంటనే జవాబు తోచలేదు. అప్పుడే మా చెల్లెలు టీ తెచ్చింది. ఎప్పుడూ మా వాదనల్లో కలుగజేసుకోని మనిషి. గ్లాసులు కింద పెట్టి, "ఆ గుంటడేటన్నాడో ఎవరైనా అడిగారా అన్నియ్యా?" అంది.

ఎవరిని అడగాలో నాకు అర్థం కాలేదు. చెల్లెలు చీర కాస్త పైకి లాగి పిక్క చూపించింది. అట్లకాడ అంచంత నల్లని మచ్చ. పక్క తడుపుతోందని అమ్మ పెట్టిన వాత. దానికి ఆరేండ్లు, నాకు పది. ఆ సంగతిని పండుగలకు అందరూ కూడినప్పుడు నేను నవ్వుతాలుగా చెప్పేవాణ్ణి. అదీ నవ్వేది.

"అయితే అమ్మను జైలుకు పంపాలంటావా?" అన్నాను, కొంచెం కోపంగానే.

"అమ్మను పంపమని నానెందుకంటాను? ఆ ఏల ఎవరైనా వచ్చి అమ్మ సెయ్యి పట్టుకుంటే బాగుణ్ణని సూశాను. నువ్వొచ్చావు. వచ్చి నా కాలు పట్టుకున్నావు."

బావ మిషను ఆపేశాడు. నిజమే. కదలకుండా పట్టుకోమని అమ్మ చెప్పింది, పట్టుకొన్నాను. యాభై ఏండ్లుగా చెప్పిన కథలో ఆ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆ తరువాత ఆ దేశం సంగతులు మరికొన్ని చదివాను. అక్కడ దెబ్బలు తిన్న పిల్లవాణ్ణి కోర్టు బోనులో నిలబెట్టరు. 'పిల్లల ఇల్లు' అనే కేంద్రాలున్నాయి, మొదటిది 2007లో తెరిచారు. అక్కడ కూర్చోబెట్టి, వాడు చెప్పేది రికార్డు చేసి కోర్టుకు వినిపిస్తారు. మా పాకలో ఆ సాయంత్రం తండ్రి పక్షం, దేశం పక్షం, చట్టం పక్షం వాదించాం. ఆ నాలుగో మనిషి మాకు తోచలేదు.

అలాగని నార్వేవారి పద్ధతిలో తప్పే లేదని నేననను. ఒక తల్లి నుంచి బిడ్డను తీసి వేరేవారికి దత్తత ఇచ్చిన కేసులో, కుటుంబ జీవన హక్కును నార్వే ఉల్లంఘించిందని యూరోపు మానవ హక్కుల న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. తెలుగు దంపతుల విషయంలోనూ, తల్లినీ తండ్రినీ ఒకేసారి జైలులో పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకొన్న పిల్లవాడికి అది తన నేరానికి పడిన శిక్షలాగే తోచదా? ఈ మాట చెల్లెలితో కూడా అన్నాను. "తోస్తాది" అంది. కాసేపాగి, "వాత పెట్టినప్పుడూ అలాగే తోస్తాది" అంది.

మొన్నటి కుర్రవాడికి ఇదంతా దారిలో నిలబడి చెప్పలేకపోయాను. కసిరితే జైలులో వేయరు గాని, చెయ్యి ఎత్తవద్దు అని మాత్రం చెప్పాను. "ఎప్పుడైనా కోపం ఆగకపోతే మాస్టారూ?" అన్నాడు. ప్రయాణం ముందు ఒకసారి భార్యనూ పిల్లవాణ్ణీ తీసుకుని మా చెల్లెలి ఇంటికి వెళ్ళి రమ్మన్నాను. వెళ్ళారట. ఏమి మాట్లాడుకొన్నారో నేను అడగలేదు. పిల్లవాడి చేతిలో పసుపు రంగు లక్క బొంగరం ఒకటి ఉందని బావ చెప్పాడు.