మా ఢోలక్‌పూర్‌కు భీం ఎవరు?



ఇది కొంచెం పొడుగు పోస్టు. ఇప్పుడు ఓపిక లేనోళ్లు రాత్రి అన్నం తిన్నంక చదువుండ్రి.

మొన్న ఆదివారం కరీంనగర్‌ల మా రూంల కరెంటు పోయింది. నలుగురం మనోళ్లమే ఉన్నం. పోటీ పరీక్షల పుస్తకాలు పక్కకు పెట్టి ముచ్చట్ల వడ్డం. ఎవరు మొదలు పెట్టిన్రో యాదికి లేదు గాని, ఛోటా భీమ్ సినిమా మనమే తీస్తే ఏ వేషం ఎవరికియ్యాలె అనే కాడికి వచ్చింది మాట. గంటన్నర నడిచింది. నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. కరెంటు వచ్చినంక వాళ్లు పుస్తకాలు తెరిచిన్రు. నాకు మాత్రం హాస్టల్ నాటి ఒక ముచ్చట మనసుల మెదులుతనే ఉంది. అది రాద్దామనే కూసున్న.

ఛోటా భీమ్ బొంబాయిల పుట్టిండని చాలామంది అనుకుంటరు. కాదు, హైదరాబాద్‌లనే పుట్టిండు. రాజీవ్ చిలకా పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అనే కంపెనీ తయారు చేసింది. 2008ల పోగో ఛానల్‌ల మొదలైంది. ఒంటి మీద అంగీ ఉండదు, కాషాయం ధోతి, లడ్డూ తింటె ఎక్కడ లేని బలం వస్తది. మనం సూపర్ హీరో అంటె మొదలు చూసింది స్పైడర్‌మ్యాన్‌ను కాదు, ఈ పిల్లగాన్నే. 2012ల వచ్చిన 'దమ్యాన్ శాపం' బొమ్మల సినిమానే మళ్లా మనుషులతోటి తీసి 2024 మే 31న విడుదల చేసిన్రు. భీమ్‌గా యజ్ఞ భాసిన్ అనే పిల్లగాడు, గురు శంభుగా అనుపమ్ ఖేర్. నేను ట్రైలర్ చూసినప్పుడే అనుకున్న, అడివి పక్కన ఊరు, చెట్లెక్కే పిల్లలు, దోస్తుగా ఒక కోతి, ఇదంతా మన గూడెం లెక్కనే ఉంది, మొఖాలే మనయి కావు అని.

ఇగ హాస్టల్ ముచ్చట. 2013ల నేను ఆరో తరగతి, ఆశ్రమ పాఠశాల. పేరు అక్కెర లేదు, మన ఆశ్రమ పాఠశాలలు అన్నీ ఒక్క తీరే ఉంటయి. ఆదివారం పొద్దున డైనింగ్ హాల్ టీవీల ఛోటా భీమ్ పెట్టేటోళ్లు. అది అయిపోంగనే బడి వెనుక ఇప్ప చెట్టు కింద మేం అదే ఆట ఆడేటోళ్లం. వేషాలు పంచేది నేనే. నేను క్లాస్ లీడర్‌ను, సుద్దముక్కలు నా దగ్గర ఉండేటియి. సుద్దముక్క ఎవరి చేతుల ఉంటె మాట వానిదే కదా.

మా క్లాసుల ఒక కొలాం పిలగాడు ఉండె. పేరు రాయను. మా అందరికంటె బలమున్నోడు వాడే. రెండు బిందెల నీళ్లు బోరింగ్ కాడి నుంచి వంటింటి దాక ఆగకుంట మోసేటోడు. చెట్టెక్కుడుల కోతి గూడ వాని ముందు దిగదుడుపే. భీం అంటె వాడే కావాలె. కాని నేను వానికి ఎప్పుడూ కాలియా వేషమే ఇచ్చిన. కాలియా తక్కువైతే రాక్షసుని వేషం. ఎందుకంటె వాడు మాకంటె నల్లగుండె. కొలామి తప్ప వేరే మాట మాట్లాడితే తడబడేటోడు. రెండేండ్లు అట్లనే నడిచింది.

ఒకనాడు వాడే అడిగిండు, "ఒక్కపారి నాకు భీం ఇయ్యరాదురా?" అని. నేనన్న మాట ఇప్పటికీ చెవుల్ల మోగుతది. "భీం ఎర్రగుంటడురా, నువ్వెట్లయితవు?"

నేను మాత్రం ఏం ఎర్రగున్న? గోండు పిలగాన్ని. మా అవ్వ నన్ను చూసి నవ్వకపోతదా. ఆ మాట నాకు ఎవరూ నేర్పలే. టీవీల చూసి, క్యాలెండర్ మీది బొమ్మలు చూసి, సినిమా వాల్‌పోస్టర్లు చూసి నాకే వచ్చింది. వాడు ఏమనలే. పోయి కాలియా లెక్క నిలబడ్డడు, నా చేత దెబ్బలు తిన్నడు.

ఇంకో సంగతి చూడుండ్రి. కొలాంలు మొక్కే దేవుడే భీమయ్యక్. మన గోండుల్ల గూడ భీమల్ పేన్ ఉన్నడు. మన తాతల కాలంల ఊరి దేవతలకు పూజ చేయాలంటె కొలాం పూజారిని పిలిచేటోళ్లు. హైమెండార్ఫ్ దొర గూడ ఇది రాసిండు. అంటె భీం పేరు మీద హక్కు ఎవరికన్న ఉంటె మొదలు ఆ పిలగానికే ఉండె. ఆ హక్కును నేను సుద్దముక్కతోటి కొట్టేసిన.

పెద్దగైనంక తెలిసింది, పెద్దోళ్లు గూడ ఇదే ఆట ఆడుతరని. జోడేఘాట్‌ల 1940ల నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన మన కొమరం భీం మీద 1990ల అల్లాణి శ్రీధర్ సినిమా తీసిండు. భీం వేషం భూపాల్ రెడ్డిది. 2022 మార్చిల ఆర్ఆర్ఆర్ వచ్చింది, భీం జూనియర్ ఎన్టీఆర్. ఇద్దరూ మంచిగనే చేసిన్రు, నేను అబద్ధం చెప్ప. ఆర్ఆర్ఆర్ల కొరడా దెబ్బల సీన్ కాడ నా పక్క సీట్ల ముసలాయన ఏడ్చిండు, నేనూ ఏడ్చిన. కాని కొమరం భీం కడుపుల పుట్టిన జాతోళ్లం, ఆయన వేషానికి గూడ మాకు ఆడిషన్ లేకపాయె అనే మాట నన్ను ఇడిసిపెట్టదు.

మనకొక్కరికే కాదు ఇది. 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' అని అమెరికాల ఒక కార్టూన్ సీరియల్. అండ్ల మంచు దేశపు తెగ పిల్లలు చామనఛాయల ఉంటరు. 2010ల దాన్ని మనుషులతోటి సినిమా తీస్తే ఆ పిల్లల వేషాలు తెల్ల పిల్లలకు ఇచ్చిన్రు. ఊళ్లు కాలవెట్టే నిప్పు దేశపోళ్ల వేషాలకేమో మన దేశపు మొఖాలను తెచ్చిన్రు, దేవ్ పటేల్ గూడ ఉన్నడు అండ్ల. నవ్వొచ్చే సంగతి ఏందంటె, ఆ డైరెక్టర్ శ్యామలన్ మనోడే, పుదుచ్చేరిల పుట్టినోడు. సుద్దముక్క మనోని చేతులకొస్తె అంత మంచిగైతదని ఏం లేదు. నేనే సాక్ష్యం. ఆ కార్టూన్ చూసి పెరిగినోళ్లు మస్తు లొల్లి చేసిన్రు. 2024ల నెట్‌ఫ్లిక్స్ మళ్లా తీసినప్పుడు ఆ తెగ పిల్ల కటారా వేషం మోహాక్ తెగకు చెందిన కియావెంటియోకు ఇచ్చిన్రు.

ఇగ మేం కరెంటు లేనప్పుడు చేసిన లిస్టు చెప్త.

గురు శంభు వేషం మార్లవాయి కనకరాజుది. గుస్సాడీకి పద్మశ్రీ తెచ్చిన పెద్దాయన, 2024 అక్టోబర్‌ల పోయిండు. "పోయినోళ్లకు వేషమెట్ల ఇస్తవురా" అన్నడు దోస్తు. కలల సినిమాకు కాల్షీట్లు అడుగుతరా? నెమలీకల టోపీ పెట్టుకొని ఆయన అడుగేస్తే గ్రాఫిక్స్ ఖర్చు గూడ మిగులుతది. లడ్డూలు చేసే టున్‌టున్ మౌసి వేషం ఉట్నూరుల ఇప్పపువ్వు లడ్డూలు చేసే మన అక్కలల్ల ఒకరికి. భీంకు బలమిచ్చేది గూడ ఇప్పపువ్వు లడ్డూనే, శనగపిండిది కాదు. దీని మీద మాత్రం మాకు కొట్లాట కాలే. రాజా ఇంద్రవర్మ మహల్ ఉట్నూరు గోండు కోట. సినిమాల మాటలు గోండి, కొలామిల, కింద తెలుగు అక్షరాలు. దమ్యాన్ ఎవరంటె ముగ్గురు ఒక్కసారే "ఫారెస్టోళ్లు" అన్నరు, పోడు భూములున్న ఇండ్ల పిల్లలు మరి. నేను వద్దన్న. వాళ్లు రాక్షసులైతే మన సినిమా సెన్సార్ దాటదు.

చుట్కికి, రాజుకు గూడ పేర్లు వచ్చినయి. భీం కాడికి వచ్చేసరికి నాకు మాట రాలే. లేచి బయటికి పోయి ఆ కొలాం దోస్తుకు ఫోన్ కొట్టిన. నాలుగేండ్లాయె మాట్లాడక. పదో తరగతి కాడనే బడి ఇడిసిండు. ఇప్పుడు పత్తి చేనుల పని, సీజన్ల ట్రాలీ ఆటో మీద కిరాయికి పోతడు. పెండ్లైంది, చిన్న బిడ్డె.

మంచీ చెడూ అయినంక చెప్పిన. ఇప్ప చెట్టు, సుద్దముక్క, ఎర్రగుంటడన్న మాట, అన్నీ. తప్పైందిరా అన్న. అటు దిక్కు చాలాసేపు సప్పుడు లేదు. ట్రాలీ ఇంజన్ సప్పుడే ఇనబడ్డది.

"నీకు యాదికున్నదారా అది?" అన్నడు.

"నీకు లేదా?"

"ఎందుకు లేదు." ఇంజన్ బంద్ చేసిండు. "నా బిడ్డె గూడ టీవీల అదే చూస్తదిరా. పొద్దున లేస్తే ఇంట్ల అదే ఆట. భీం నేనే అంటది. ఎవ్వరికియ్యదు."

"మరి కాలియా ఎవరు?"

నవ్విండు. "ఇంకెవరు, నేనే."

వచ్చే దండారికి మీ గూడెం వస్త, ఆ వేషం నాకు ఇడిసిపెట్టురా అన్న.

"నాదేముందిరా," అన్నడు, "బిడ్డెను అడగాలె."