పండ్రెండు బొమ్మల హంపి

మావారు పాఠశాలలో పిల్లలకు చరిత్ర చెప్పుదురు. సెలవులు వచ్చినచో పాతరాళ్లు చూచుటకు బయలుదేరుదురు. ఈ రెండును గాక వారికి ఫోటోలు తీయు వ్యసన మొకటి కలదు. ఈ కాలమున ఫోటోలు తీయనివా రెవ్వరని మీరు నవ్వవచ్చును. సెల్‌ఫోను గలవారెల్లరును దినమునకు నూరేసి బొమ్మలు తీయుచునే యున్నారు. కాని మావారి సంగతి వేరు. మా మామగారు పెండ్లికి ముందు కొనిన ఆగ్ఫా క్లిక్ త్రీ అను నల్లని కెమేరా మా యింట నున్నది. అందులో రీలు వేసి తీయవలెను. ఒక్క రీలునకు పండ్రెండే బొమ్మలు, నలుచదరముగా వచ్చును. వెనుక ఎఱ్ఱని చిన్నకిటికి యొకటి యుండును. రీలు త్రిప్పినకొలది అందులో అంకెలు కనబడును. పండ్రెండవ అంకె వచ్చెనా, ఆట కట్టు. తీసినది యెట్లు వచ్చినదో ఇంటికి చేరి, రీలును తపాలాలో పట్టణమునకు పంపి, కడిగించి తెప్పించుకొనువఱకు తెలియదు. రీలు వెల, కడుగుకూలి, తపాలా ఖర్చు కలిపి చూచిన నొక్కొక్క బొమ్మయు మా యింట నొకపూట కూరగాయల వెల యగును. ఈ లెక్క నేను వారికి చెప్పుచునే యుందును. వారు వినుచునే యుందురు.

మామగారు కాలము చేసి ఆరేండ్లైనది. వారు మిగిల్చిపోయినవానిలో ఆ కెమేరాతో పాటు నల్లకాగితముల ఆల్బము ఒకటి కలదు. అందు 1974వ సంవత్సరమున హంపిలో తీసిన బొమ్మలు పండ్రెండు, మూలలకు కాగితపు టోపీలు పెట్టి అతికించినవి యున్నవి. కొండలు, మండపములు, గోపురములు, విఱిగిన విగ్రహములు. మచ్చున కొక్క మనుష్యుడైనను లేడు. మా అత్తగారు కాపురమునకు వచ్చిన యేడే ఆ ప్రయాణము చేసిరట. ఆమె ఆ బొమ్మలు చూచినప్పుడెల్ల ఒక్కమాటే యనును: "నాలుగు రోజులు ఆయన వెనకాలే తిరిగాను. రాళ్లన్నిటినీ తీశారు. నన్ను మాత్రం గొడుగు పట్టుకోమన్నారు."

ఈ మాట పరిహాసము కాదు. ఉగ్రనరసింహుని బొమ్మలో అడుగున, ఎడమవైపున, నేలమీద గుండ్రని నీడ యొకటి పడియున్నది. మామగారి తలకు ఎండ తగులకుండ ఆమె పట్టిన గొడుగు నీడ యది. ఆ పండ్రెండు బొమ్మలలో ఆమె యున్న దంతయు అంతే.

2024 సంక్రాంతి సెలవులలో మావారు హంపికి ప్రయాణము కట్టగా, నేను అత్తగారినికూడ తీసికొనిపోవలె నంటిని. మోకాళ్ల నొప్పులని ఆమె మొదట వలదనెను. తరువాత తానే పాత గొడుగు వెదకి తెచ్చి మూటలో పెట్టుకొనెను. గుంతకల్లులో బండి మాఱి హొసపేటలో దిగి, అక్కడనుండి పదుమూడు కిలోమీటర్లు మోటారులో పోయితిమి.

నేను పుట్టింట మా తాతగారియొద్ద కూర్చుండి ఆముక్తమాల్యద చదువుకొన్నదానను. అది వ్రాసిన రాయల యూరిని చూడబోవుచుంటినని నా గుండె కొట్టుకొనుచుండెను. కాని మొదట కనబడినది యూరు కాదు, బండలు. ఎటు చూచినను గుండ్లమీద గుండ్లు, ఎవరో పెద్దపిల్లలు గచ్చకాయ లాడుకొని సందెవేళ తల్లి పిలువగా ఎక్కడివక్కడ వదలి పోయినట్లుండెను. ఇప్పుడో మఱునిమిషముననో దొరలునేమో యనిపించు గుండు, వేల యేండ్లుగా నట్లే నిలిచియున్నది. వాని నడుమ పచ్చని అరటితోటలు. రాయల కాలమునాటి తుర్తుకాలువ నీరు నేటికిని ఆ తోటలకు పాఱుచునే యున్నది. రాజమందిరములు పోయినవి గాని కాలువ పోలేదు.

పేరు సంగతి యొకటి చెప్పి ముందుకు పోయెదను. హంపి యనగా పంపయే. మనము పాలు అన్నదానిని కన్నడులు హాలు అందురు. మన పువ్వు వారికి హూవు. అట్లే వారి నోట పంప హంప యైనది. ఈ చిన్న రహస్యము తెలిసినప్పటినుండి ఆ యూరు నాకు పరాయిదిగా తోచలేదు.

మొదటిదినమున మావారు ఒక్క బొమ్మయైనను తీయలేదు. నాకు కోపము వచ్చినది. ఇంతదూరము వచ్చి పెట్టెను సంచిలోనుండి తీయకుండ, ఊరక ఇటునటు తిరిగి, ఏ గోడమీద ఏవేళ ఎండ పడునో వ్రాసికొనుచుండిరి. అడిగితిని. "మధ్యాహ్నపు ఎండ నెత్తిమీద నుంచి పడుతుంది. శిల్పం చదునైపోతుంది. ప్రక్కనుంచి పడే వెలుగు రావాలి" అనిరి. నాకు వెంటనే అర్థమైనది. గోడకు దగ్గఱగా ఒకప్రక్కన దీపము పెట్టినచో గోడయందలి గుంటలు, గతుకులు అన్నియు లేచి కనబడును గదా! పగలెల్ల నునుపుగా తోచిన గోడయే రాత్రి మన సున్నపుపనివాని గుట్టు బయటపెట్టును. హజారరామాలయపు గోడలమీద దశరథుని యజ్ఞము మొదలుకొని రామాయణ మంతయు వరుసలుగా చెక్కియున్నది. పండ్రెండు గంటలకు చూచినప్పుడు అది రాతిమీది గీతలవలె నుండెను. నాలుగున్నరకు మరల పోగా హనుమంతుని తోక, సీతమ్మ చీరకుచ్చెళ్లు ఉబికి వచ్చినవి. ఆ నిరీక్షణము వ్యర్థము కాదని ఒప్పుకొంటిని.

మఱునాడు చీకటితో లేచి వారును నేనును మతంగపర్వత మెక్కితిమి. అత్తగారు బసలోనే యుండిరి. పైకి చేరునప్పటికి తూర్పు తెల్లవాఱినది. క్రింద అచ్యుతరాయల గుడి ప్రాకారములు, దాని యెదుట పాడుపడిన అంగడివీధి, ఆవల తుంగభద్ర. బండల నీడలు అరటితోటలమీద మూరలు బారలుగా సాగుచుండెను. అక్కడ రెండు బొమ్మలు తీసిరి. రెండింటికి గంటన్నర పట్టినది. ఆ గంటన్నరలో నేను ఎంత చూచితినో నాకే యాశ్చర్యము. చేతిలో సెల్‌ఫోను ఉన్న యాత్రికులు వచ్చిరి, తీసికొనిరి, దిగిపోయిరి. మాకు పోవుటకు వీలులేక చూచుచు కూర్చుంటిమి.

విరూపాక్షుని గుడిలో అత్తగారు మాతో నుండిరి. తూర్పు గోపురము తొమ్మిది అంతస్తులది. గుడి వెనుకభాగమున చీకటిగది యొకటి యున్నది. దాని గోడకు చిన్న రంధ్రము. ఆ రంధ్రమునుండి వచ్చు వెలుగులో ఎదుటి గోడమీద గోపురము తలక్రిందుగా పడుచుండును! కలశములు క్రిందికి, అడుగు పైకి. సన్నని సందులోనుండి వెలుగు సూటిగానే పోవును గనుక, గోపురపు పైకొననుండి వచ్చినది గోడమీద క్రిందికి, అడుగునుండి వచ్చినది పైకి చేరునని మావారు నేలమీద సుద్దముక్కతో గీసి చూపిరి. కెమేరాలో జరుగునదియు నిదియే. గోడకు బదులు రీలు, రంధ్రమునకు బదులు గాజుకన్ను. అత్తగారు అంతయు విని, "అయితే మీ నాయన పెట్టె ఈ గుడికి పిల్లన్నమాట" అనెను. ఆమె బడికి పోయినది అయిదవ తరగతివఱకే. మావారు తరగతిలో ఈ మాటనే చెప్పెదనని అప్పటికప్పుడే అనిరి.

గుడి యెదుటి వీధి ముప్పాతిక కిలోమీటరు పొడవుండును. ఇరువైపుల రాతిమండపముల వరుసలు. మామగారి ఆల్బములో ఈ వీధియు నున్నది. అందు మనుష్యులు లేరంటిని గాని, రెండు స్తంభముల నడుమ ఆరవేసిన చీర యున్నది. ఒక మండపమునుండి పొయ్యి పొగ లేచుచున్నది. అప్పుడు సంసారు లాయందు కాపురముండిరి, అంగళ్లు పెట్టుకొనిరి. 2011వ సంవత్సరము జూలై నెలలో ప్రభుత్వమువారు అక్కడి యిండ్లను, అంగళ్లను పడగొట్టించి, వారిని ఖాళీ చేయించిరి. నేడు స్తంభములు శుభ్రముగా కనబడుచున్నవి, ఫోటోకు చక్కగా నున్నవి. పురాతన కట్టడములను కాపాడవలెననుట న్యాయమే. కాని అంగడివీధి యనగా అంగళ్లు గదా! అయిదువందల యేండ్ల క్రిందట అక్కడ బేరమాడిన వారికిని, నిన్నమొన్న అక్కడ అరటిపండ్లు అమ్మినవారికిని నడుమ ఏది పురాతనము, ఏది ఆక్రమణము అని గీత గీయుట నాకు చేతకాదు. మావారు ఆ చీర యారవేసిన స్తంభములనే వెదకి పట్టుకొని, తండ్రి నిలిచిన తావుననే నిలిచి ఒక బొమ్మ తీసిరి.

ఇక నేను హంపిలో ప్రత్యేకముగా చూడగోరినది శ్రీకృష్ణాలయము. మా పుట్టిల్లు ఉదయగిరి తాలూకా. రాయలు 1514లో గజపతులనుండి మా ఉదయగిరి దుర్గమును పట్టుకొని, అక్కడి బాలకృష్ణుని తెచ్చి, 1515లో ఇక్కడ గుడి కట్టి నిలిపెను. మా యూరి దేవుడు గదా యని పుట్టింటివారిని చూడబోవునట్లు పోయితిని. గర్భగుడి శూన్యముగా నున్నది. ఆ విగ్రహము దెబ్బతిని, నేడు చెన్నపురి వస్తుప్రదర్శనశాలలో నున్నది. ఉదయగిరికి హంపికన్న చెన్నపురియే దగ్గఱ! కృష్ణుడు సగముదారి తిరిగివచ్చి అక్కడ ఆగిపోయినాడు. ఈసంగతి ముందే పుస్తకములో చదివియున్నను, ఆ గడపయొద్ద నిలువగా కన్నుల నీరు తిరిగినది.

"ఏమండీ, ఇది ఒకటి తీయండి" అంటిని.

"ఏముంది తీయడానికి? లోపల చీకటి. ఈ కెమేరాకు ఆ వెలుగు చాలదు. బొమ్మ దండుగ."

"దండుగైనా నా వాటాకు ఒకటి."

వారు నావైపు ఒక్కసారి చూచి, మాఱు మాటాడక తీసిరి.

విఠ్ఠలాలయమునకు కొంతదూరము బ్యాటరీ బండిలో పోనిచ్చుదురు. అత్తగారికి అది బాగుగా నచ్చినది. అక్కడి రాతిరథము మీ కందఱకును తెలిసినదే. 2017లో వచ్చిన క్రొత్త యేబదిరూపాయల నోటుమీద నున్నది. మావారు దానిని తీయనే లేదు. "కూరగాయల కొట్టుకు పోయినప్పుడల్లా చూస్తూనే ఉన్నావుగా" అని నా లెక్కను నాకే యప్పగించిరి. కాని దానిని గూర్చి వారు చెప్పిన దొకటి మఱచిపోలేకున్నాను. 1856లో గ్రీన్‌లా అను ఆంగ్ల సైనికోద్యోగి మైనము పట్టించిన కాగితముమీద ఈ శిథిలములను ఫోటోలు తీసెను. అతని బొమ్మలో ఈ రథముపైన ఇటుకతో కట్టిన శిఖర మున్నది. తరువాత దానిని తొలగించిరి. అందుచేత మన నోటుమీది రథమునకు తల లేదు. రాయి శాశ్వతమనియు కాగితము చిరుగుననియు మనము చెప్పుకొందుము. ఇక్కడ కాగితమే నిలిచి, కట్టడము పోయినది.

మూడవనాటి ఉదయమున ఉగ్రనరసింహునియొద్దకు పోయితిమి. కృష్ణరాయల కాలమున 1528లో ఒకే బండలో మలచిన విగ్రహము, ఇరువదిరెండడుగుల యెత్తు. తూర్పుముఖము గనుక ఉదయపుటెండ సూటిగా ముఖమునకు కొట్టుచుండును. మావారు ఆల్బము విప్పి పట్టుకొని చూచిరి. ఒక భేదము కనబడినది. ఇప్పుడు స్వామి మోకాళ్లకు అడ్డముగా యోగపట్ట మున్నది. 1974 బొమ్మలో అది లేదు. విఱిగిన విగ్రహమునకు ఆధారముగా 1980 తరువాత పురావస్తుశాఖవారు దానిని మరల అమర్చిరట. మఱియొక సంగతి. ఈయన మొదట లక్ష్మీనరసింహుడే. అమ్మవారు ఎడమతొడమీద కూర్చుండెడిది. ఆమె మూర్తి విఱిగిపోయినది. స్వామిని పట్టుకొన్న చేయి మాత్రము ఆయన వెనుకప్రక్కను మిగిలియున్నది. అత్తగారు కంచె ప్రక్కగా పోయి, వంగి, తొంగి, దానిని పట్టి చూచెను. "అమ్మ చెయ్యి ఉందే!" అని నన్ను పిలిచి చూపెను. చాలసేపు అక్కడనే నిలిచెను.

ఎఱ్ఱకిటికిలో పండ్రెండవ అంకె యుండెను. మావారు తండ్రి నిలిచిన తావున నిలిచి, స్వామికి సరిగా గుఱిపెట్టిరి. నేను, "అత్తగారిని నిలబెట్టండి" అంటిని. వారు తటపటాయించిరి. మనుష్యు లుండినచో పాతబొమ్మతో పోల్చి చూచుటకు వీలుండదని వారి శంక. అది న్యాయమైన శంకయే. అదొక్కటే తావు, అదొక్కటే బొమ్మ. అత్తగారు, "వద్దులే నాయనా, నేను గొడుగు పడతాను" అని మూట విప్పబోయెను. మావారు కెమేరా దించి, తల్లి చేతినుండి గొడుగు తీసి నా చేతికిచ్చి, "నువ్వు పట్టు" అనిరి.

రీలు కడిగివచ్చుటకు మూడువారములు పట్టినది. పండ్రెండింటిలో తొమ్మిది చక్కగా వచ్చినవి. మతంగముమీద తీసినదానిలో నొకటి తెల్లగా పోయినది. అచ్యుతరాయల వీధి కదలినది. కృష్ణాలయపు బొమ్మ వారు చెప్పినట్లే నల్లన. గడపమీద సన్నని వెలుగుచార తప్ప మఱేమియు లేదు. దానిని వారు ప్రక్కన పడవేయగా నేను తీసి దాచుకొంటిని. ఈ వేసవిలో చెన్నపురి పోయినప్పుడు దానిని సంచిలో పెట్టుకొని పోవలెనని యున్నది.

పండ్రెండవ బొమ్మలో నరసింహుని యెదుట అత్తగారు నిలిచియున్నది. ఆ నిమిషముననే కొంగు సర్దుకొనుటచే కుడిచేయి మసకగా పడినది గాని ముఖము స్పష్టముగా నున్నది. నేలమీద ఎడమవైపున గొడుగు నీడ యున్నది. ఈసారి అది నాది. ఆమె కండ్లజోడు పెట్టుకొని బొమ్మను కిటికీయొద్దకు తీసికొనిపోయి అటునిటు త్రిప్పి చూచి, "కాళ్లు కోసేశాడు. మీ మామయ్యైతే కోసేవారు కాదు" అనెను. పిమ్మట ఆల్బము తెమ్మని, 1974 నరసింహుని ప్రక్కన ఖాళీగానున్న తావున దానిని తానే అతికించెను. మూలలకు పెట్టు కాగితపు టోపీలు ఇప్పుడు అంగళ్లలో దొరకుట లేదు. అన్నము మెతుకుతో అతికించినది.